మా నిద్రను కూడా రోస్టర్‌లో రాయండి: ఐటీ యాజమాన్యాలకు, సాంకేతిక సదస్సుల నిర్వాహకులకు డేటాబేస్ ఉద్యోగుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఐటీ విభాగాధిపతులకు, ఆపరేషన్స్ మేనేజర్లకు, హెచ్‌ఆర్ అధికారులకు, సాంకేతిక సదస్సుల నిర్వాహకులకు,

నమస్కారం.

డేటాబేస్ నిర్వహణలో పనిచేస్తున్న మేము ఈ సంగతి మీ దృష్టికి తేవడం ఇది మొదటిసారి కాదు. అప్రైజల్ సమావేశాల్లో చెప్పాం. పెద్ద అంతరాయం జరిగిన ప్రతిసారీ ఆర్‌సీఏ (మూలకారణ విశ్లేషణ) నివేదికలో రాశాం. హెచ్‌ఆర్ సర్వేల్లో నింపాం. వచ్చిన జవాబు ఒకటే: ఒత్తిడిని ఎలా తట్టుకోవాలో చెప్పే వెబినార్, అదీ డ్యూటీ ముగిశాక. వెబినార్ పెట్టినవారి సదుద్దేశాన్ని మేం శంకించడం లేదు. మా సమస్య మాత్రం రోస్టర్‌లో, అంటే ఎవరు ఎప్పుడు డ్యూటీలో ఉండాలో చెప్పే పట్టికలో ఉంది. నలుగురు ఉండాల్సిన చోట ఇద్దరున్నారు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

ఇవాళ మా వృత్తిలో ఉన్నవాళ్ల నుంచి మూడు పనులు ఆశిస్తున్నారు. మొదటిది అసలు ఉద్యోగం: సర్వర్లు నడపడం, బ్యాకప్‌లు, ప్యాచింగ్ (సాఫ్ట్‌వేర్ లోపాలను సరిదిద్దే మార్పులు వేయడం), నెమ్మదించిన క్వెరీలను (డేటా కోసం డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలను) దారికి తేవడం, రాత్రి అలర్ట్ వస్తే లేవడం. రెండోది వేదిక: సదస్సుల్లో, యూజర్ గ్రూపుల్లో మాట్లాడటం, నేర్చుకున్నది నలుగురికీ చెప్పడం. మూడోది ఎవరూ పైకి అడగనిది, మా ఒంటినీ మనసునూ మేమే చూసుకోవడం. మొదటిదానికి జీతం ఉంది, రెండోదానికి చప్పట్లున్నాయి. మూడోదానికి ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు. అందువల్ల మొదటి రెండూ పెరిగినప్పుడల్లా కోత దానిమీదే పడుతోంది. నష్టం మా వరకే అయితే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. ఆ డేటాబేస్‌ల మీద ఆధారపడి బతికే జనం చాలామంది ఉన్నారు.

రాత్రిపూట నిజంగా జరిగేది

డేటాబేస్ పనిలో ప్రమాదకరమైన భాగమంతా రాత్రికే పడుతుంది. వాడకం తక్కువగా ఉండే వేళ అని ప్యాచింగ్, వెర్షన్ అప్‌గ్రేడ్, పెద్ద టేబుళ్లలో మార్పులు వారాంతంలో అర్ధరాత్రి దాటాక పెడతారు. వారమంతా పగలు పనిచేసిన మనిషే ఆ మెయింటెనెన్స్ విండోలో, అంటే ఆ పనులకు కేటాయించిన వేళలోనూ కూర్చోవాలి. సోమవారం పొద్దున్నే స్టాండప్‌కూ (బృందం కలిసే చిన్న సమావేశానికీ) ఆ మనిషే రావాలి.

ఒక మామూలు అలర్ట్ తీసుకోండి. రాత్రి రెండున్నర. లాగ్ (డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ వరసగా రాసుకునే ఫైళ్లు) ఉన్న డిస్క్ 92 శాతం నిండింది. లాగ్ బ్యాకప్ జాబ్ ఫెయిలై ఉండొచ్చు. ఎవరో ట్రాన్సాక్షన్ (ఒకే గుత్తిగా జరిగే మార్పులు) తెరిచి కమిట్ చేయకుండా, అంటే ఖాయం చేయకుండా వదిలేసి ఉండొచ్చు. రెప్లికా (ప్రధాన సర్వర్‌కు నకలుగా నడిచే సర్వర్) వెనకబడిపోయి, దానికి పంపాల్సిన లాగ్ అంతా ప్రైమరీ (ప్రధాన సర్వర్) దగ్గరే పేరుకుపోయి ఉండొచ్చు. ఒక్కోదానికి చేయాల్సింది వేరు. ఆ ట్రాన్సాక్షన్‌ను కిల్ చేస్తే రోల్‌బ్యాక్, అంటే చేసిన మార్పులను వెనక్కి తీయడం మొదలవుతుంది. అది అప్పటికే ఐదు గంటలుగా నడుస్తున్నదైతే వెనక్కి రావడానికీ గంటలు పట్టొచ్చు, అంతసేపూ లాక్‌లు (ఇతరులు ఆ డేటాను మార్చకుండా పడిన తాళాలు) వదలకపోవచ్చు. ఓపిక నశించి సర్వీస్ రీస్టార్ట్ చేశారా, క్రాష్ రికవరీ (లాగ్ చదివి డేటాను సరిచేసుకోవడం) పూర్తయ్యేదాకా డేటాబేస్ తెరుచుకోకపోవచ్చు. వెనకబడిన రెప్లికా కోసం లాగ్‌ను ఆపి ఉంచే స్లాట్‌ను తీసేస్తే డిస్క్ ఖాళీ అవుతుంది గానీ, ఆ రెప్లికాను మళ్లీ మొదటినుంచీ కట్టుకోవాల్సి రావచ్చు. ఈలోపు ప్రైమరీ పడిపోతే ఆదుకోవడానికి ఏమీ మిగలదు.

వీటన్నిటికంటే ఘోరం, లాగ్ ఫైళ్లే కదా అని చేత్తో చెరిపేయడం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ లాగ్‌లుండే డైరెక్టరీకి చాలాకాలం 'పీజీ ఎక్స్‌లాగ్' అనే పేరుండేది. పాత లాగ్‌లేలే అనుకుని స్థలం కోసం దాన్ని ఖాళీ చేసినవాళ్లు డేటాబేస్‌నే పాడుచేసుకున్నారు. ఈ పొరపాటు ఎంత తరచుగా జరిగిందంటే, 2017లో వచ్చిన 10వ వెర్షన్‌లో ఆ పేరును 'పీజీ వాల్' అని మార్చేశారు. కంగారులో, నిద్రమత్తులో ఉన్న మనిషి చెయ్యి ఎటు పోతుందో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు గమనించి జాగ్రత్తపడ్డారు. రోస్టర్ రాసేవాళ్లూ అంత జాగ్రత్త పడాలన్నదే మా కోరిక.

ఈ మత్తు బద్ధకం కిందికి రాదు, శరీరధర్మం. గాఢనిద్రలోంచి లేపిన మనిషికి కనీసం పావుగంట, ఒక్కోసారి అరగంటకు పైగా ఆలోచన మందంగానే ఉంటుంది. మీ ఎస్కలేషన్ గడువు (అలర్ట్ పైవారికి వెళ్లేలోపు మాకిచ్చే సమయం) చూస్తే ఐదు నిమిషాల్లో ఎత్తాలి, పదిహేను నిమిషాల్లో చర్య మొదలుపెట్టాలి. అంటే తెలివి సరిగా పనిచేయని ఆ పావుగంటలోనే చెయ్యి పెట్టమంటున్నారు. ఇంకో లెక్క చూడండి. 17 నుంచి 19 గంటలు మేలుకుని ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానంగా, కొన్ని పరీక్షల్లో అంతకన్నా అధ్వానంగా ఉందని 2000లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. ఉదయం ఏడింటికి లేచిన మనిషి అర్ధరాత్రి మెయింటెనెన్స్ విండో మొదలుపెట్టేసరికే 17 గంటలు నిండుతాయి. తాగి వచ్చిన వ్యక్తికి ప్రొడక్షన్ (వినియోగదారులు నిజంగా వాడే సర్వర్ల) పాస్‌వర్డ్ మీరు ఇవ్వరు.

బహిరంగంగా నమోదైన ఒక సంఘటన ఉంది. 2017 జనవరి 31 రాత్రి, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సేవలో లోడ్ పెరిగి రెప్లికేషన్ (రెప్లికాకు డేటా చేరడం) ఆగిపోయింది. స్థానిక కాలమానంలో రాత్రి పదకొండు కావస్తోంది. పని ముగించి వెళ్లబోతున్న ఇంజనీర్ రెప్లికేషన్ సమస్య రావడంతో ఆగిపోయారు. సెకండరీ (రెప్లికా) సర్వర్‌లో ఖాళీ చేయాల్సిన డైరెక్టరీని ప్రైమరీలో ఖాళీ చేశారు. ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపినా, సుమారు 300 జీబీలో 4.5 జీబీయే మిగిలింది. బ్యాకప్ కోసం వెతికితే రోజువారీ డంప్ (డేటా మొత్తాన్ని ఫైలుగా తీసే నకలు) ఖాళీగా ఉంది. డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే డంప్ తీసే ప్రోగ్రాం 9.2ది కావడంతో ప్రతిరోజూ ఫెయిలవుతూ వచ్చింది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లను మెయిల్ వ్యవస్థే తిరస్కరించింది. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (డిస్క్ ఆ క్షణంలో ఎలా ఉందో చూపే నకలు) ఆదుకుంది. సర్వీసు తిరిగి నిలబడేసరికి 18 గంటలు దాటింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలకు సంబంధించిన డేటా పోయింది. ఆ సంస్థ ఏదీ దాచకుండా బయటపెట్టింది, నెపాన్ని ఒక్క మనిషి మీదికి నెట్టలేదు. ఆ విషయంలో దాన్ని మెచ్చుకుని తీరాలి. మీ దగ్గర ఇలాంటిదే జరిగితే నివేదికలో 'మానవ తప్పిదం' అని రాసి మూసేస్తారా, ఆ మనిషి అప్పటికి ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడో కూడా రాస్తారా?

వేదిక వెనక ఉన్న పని

సదస్సులో గంటసేపు మాట్లాడటం చూసేవాళ్లకు గంట పనే. కొత్త అంశమైతే దాని వెనక ఒక పనివారానికి తక్కువ కాని శ్రమ ఉంటుంది. ప్రపోజల్ రాయాలి, డెమోకు విడిగా సర్వర్ కట్టాలి, కృత్రిమ డేటా తయారు చేయాలి. కంపెనీ డేటాను పేర్లు మార్చి వాడటం కుదరదు, ఎందుకంటే పుట్టిన తేదీ, పిన్‌కోడ్, లింగం కలిస్తే చాలు, మనిషి ఎవరో దొరికిపోవచ్చు. తర్వాత డెమో నిలకడగా రావాలి. ఇక్కడే చాలామంది తడబడతారు. ఒక నెమ్మది క్వెరీని నడిపి, ఇండెక్స్ (డేటాను త్వరగా వెతికే సూచిక) వేసి మళ్లీ నడిపితే రెండోసారి వేగంగా వస్తుంది. కానీ ఆ వేగం ఇండెక్స్‌ది కాకపోవచ్చు, మొదటిసారి చదివిన పేజీలు (డేటా నిల్వ ఉండే ముక్కలు) మెమరీలో ఉండిపోవడం వల్ల వచ్చినది కావచ్చు. అందుకని సెకన్లు చూపించకుండా, ఎన్ని పేజీలు చదివిందో చూపించాలి. స్టాటిస్టిక్స్ (డేటా గురించి డేటాబేస్ ఉంచుకునే లెక్కలు) తమంతట తాము అప్‌డేట్ అయి వేదిక మీద వేరే ప్లాన్ (క్వెరీని నడిపే పద్ధతి) రావొచ్చు కాబట్టి, ప్రతి రిహార్సల్‌కు ముందు డెమో డేటాబేస్‌ను బ్యాకప్ నుంచి తిరిగి పెట్టుకోవాలి. వై-ఫై లేకపోయినా నడవాలి. అదీ కాకపోతే చూపించడానికి ముందే రికార్డు చేసిన వీడియో ఉండాలి. మూడు నాలుగుసార్లు గడియారం పెట్టుకుని చెప్పి చూసుకోవాలి.

ఇదంతా ఎప్పుడు జరుగుతోంది? రాత్రి పది తర్వాత, లేదా ఆన్‌కాల్ (అలర్ట్ వస్తే వెంటనే చూడాల్సిన వంతు) లేని వారాంతంలో. స్లైడ్ మీద కంపెనీ లోగో ఉంటుంది, కంపెనీ పేజీలో ఫొటో పడుతుంది, ఉద్యోగ ప్రకటనల్లో 'మా వాళ్లు అంతర్జాతీయ వేదికలపై మాట్లాడతారు' అని వస్తుంది. ప్రయాణానికి మాత్రం ఆ ఉద్యోగి సొంత సెలవు కోసుకుంటారు. స్లైడ్ల అనుమతి లీగల్ విభాగంలో వారాల తరబడి ఉండిపోయి, ప్రసంగానికి రెండు రోజుల ముందు 'ఈ మూడు స్లైడ్లు తీసేయండి' అంటూ బయటికొస్తుంది. కొందరు వేదిక మీద నిలబడి ఉండగానే జేబులో ఆన్‌కాల్ ఫోన్ మోగుతుంది. వందమంది ముందు మాట్లాడుతూ ప్రొడక్షన్ సర్వర్ సంగతి చూడటం ఎవరివల్లా కాదు. అక్కడి శ్రోతలకూ అన్యాయం, ఇక్కడి వినియోగదారులకూ అన్యాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను వృత్తి సంబంధమైన స్థితిగా నిర్వచిస్తూ మూడు లక్షణాలు చెప్పింది: శక్తి హరించుకుపోవడం, పనిమీద విముఖత, పనితనం తగ్గడం. మా పనిలో ఈ రెండోది ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూస్తున్నాం. రోజుకు రెండొందల అలర్ట్‌లు వచ్చే చోట మనిషి చదవకుండానే 'ఎక్‌నాలెడ్జ్' (చూశాను అని చెప్పే మీట) నొక్కడం మొదలుపెడతాడు. అలా నొక్కినవాటిలో ఒకటి బ్యాకప్ ఫెయిలైన కబురు. అదే సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి 2021లో వెల్లడించిన అంచనా ప్రకారం, వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. ఆన్‌కాల్ గంటలూ, ప్రసంగం కోసం వెచ్చించే రాత్రులూ కలిపితే మాలో చాలామంది వారాలు ఆ గీతను దాటుతున్నాయి.

జనానికి పడే దెబ్బ

1. జీతాలు, పింఛన్లు. నెలాఖరు బ్యాచ్ సగంలో ఆగిపోయిందనుకోండి. ఎక్కడ ఆగిందో చూసి, అక్కడినుంచే కొనసాగించాలి. అలసిన మనిషి పైనుంచి మళ్లీ నడిపితే కొందరి ఖాతాల్లో రెండుసార్లు డబ్బు పడుతుంది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే తతంగం మొదలవుతుంది. ఈలోగా ఈఎంఐ తప్పినవారికి జరిమానా పడుతుంది. ఆ జరిమానా మా జేబులోంచీ పోదు, మీ జేబులోంచీ పోదు.

2. ఆసుపత్రులు. రాత్రి పదకొండింటికి తీసిన బ్యాకప్ ఒక్కటే ఉండి, మర్నాడు మధ్యాహ్నం మూడింటికి డేటాబేస్ పోతే 16 గంటల నమోదులు పోతాయి. ఏ రోగికి ఏ మందు పడదో, ఎవరికి ఏ డోసు ఇచ్చారో అందులో ఉంటుంది. పదిహేను నిమిషాలకోసారి లాగ్ బ్యాకప్ తీసే జాబ్ సరిగా నడుస్తుంటే పోయేది మహా అయితే పావుగంట సమాచారం. ఈ రెండింటి మధ్య తేడా, ఫెయిలైన జాబ్ అలర్ట్‌ను చదివే ఓపిక ఒక మనిషికి మిగిలి ఉండటం.

3. ఒక్క షరతు మరిచిపోయిన అప్‌డేట్. ఒక వినియోగదారుడి ఫోన్ నంబరు మార్చబోయి 'వేర్' (ఏ వరుస మారాలో చెప్పే షరతు) రాయకుండా నడిపితే, టేబుల్‌లోని అందరి నంబర్లూ ఒకటే అవుతాయి. ఓటీపీలు, మందులు గుర్తుచేసే సందేశాలు, పరీక్ష కబుర్లు అన్నీ ఒక అపరిచితుడి ఫోన్‌కు వెళ్తాయి. ఎవరికీ కోపం రాకముందే సరిచేయొచ్చు, రిస్టోర్ (బ్యాకప్ నుంచి డేటాను తిరిగి తేవడం) ఎలా చేయాలో తెలిసినవాళ్లు నిద్రపోయి లేచినవాళ్లయితే.

4. నేర్చుకునే దారి మూసుకుపోవడం. చిన్న క్లినిక్‌కూ చిన్న బడికీ సొంత డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) ఉండరు. అక్కడ కంప్యూటర్లు చూసే ఒక్కరు ఉచిత సదస్సుల్లో, రికార్డైన ప్రసంగాల్లో విని నేర్చుకుంటారు. అనుభవమున్నవాళ్లు అలసిపోయి వేదిక దిగిపోతే, ఆ చిన్నచోట్ల రిస్టోర్ చేసి చూడని బ్యాకప్‌లు అలాగే ఉండిపోతాయి. పోయాక వెతుక్కోవడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మేం కోరుతున్నవి

1. ఆన్‌కాల్‌లో కనీసం నలుగురు. వారం వారం మారే పద్ధతిలో ఒకే చోట ఉండే బృందానికి కనీసం ఎనిమిది మంది కావాలని, 12 గంటల షిఫ్టులో రెండు సంఘటనలకు మించకూడదని గూగుల్ తన ఎస్‌ఆర్‌ఈ (సేవలు ఆగకుండా నడిచేలా చూసే ఇంజనీరింగ్) పద్ధతుల గురించి 2016లో ప్రచురించింది. కారణం కూడా చెప్పింది: ఒక సంఘటనను సరిదిద్ది, మూలం వెతికి, నివేదిక రాసేసరికి సుమారు ఆరు గంటలు పడతాయి. ఎనిమిది మంది అందరివల్లా కాదని మాకు తెలుసు. నలుగురు కూడా లేరంటే మీరు 24 గంటల సేవ ఇవ్వగలిగే స్థితిలో లేరు. రాత్రి కాపలాను బయటి సంస్థకు ఇవ్వండి, లేదా రాత్రి సేవ ఉండదని వినియోగదారులకు నిజం చెప్పండి.

2. రాత్రి లేస్తే మర్నాడు ఆలస్యం. యూరోపియన్ యూనియన్ 2003 పనివేళల ఆదేశం 24 గంటల్లో వరుసగా 11 గంటల విశ్రాంతి అడుగుతుంది. అదే కొలత పెట్టండి. తెల్లవారుజామున నాలుగింటికి పని ముగిస్తే మధ్యాహ్నం మూడు వరకు ఆ మనిషికి ఫోన్ చేయకూడదు. మేనేజర్ అనుమతి అవసరం లేకుండా ఇది దానంతటదే అమలు కావాలి. అడిగి తీసుకోవాల్సిన కాంప్-ఆఫ్‌ను (అదనపు పనికి బదులిచ్చే సెలవును) ఎవరూ అడగరు.

3. అలర్ట్‌ల ప్రక్షాళన. గంటలోపు మనిషి చెయ్యి పడకపోతే నష్టం జరిగేదానికే రాత్రి ఫోన్ మోగాలి. మిగతాదంతా పగటి టికెట్ (పగలు చేయడానికి నమోదయ్యే పని). డిస్క్ శాతం చూసి లేపడం మానేయండి, ఎన్ని గంటల్లో నిండుతుందో చూసి లేపండి. 2 టీబీ డిస్క్ 90 శాతం నిండితే సుమారు 200 జీబీ మిగులుతుంది. రోజుకు ఒక జీబీ పెరిగితే ఆరు నెలలకు పైగా టైముంది, గంటకు 50 జీబీ పెరిగితే నాలుగు గంటలే. మొదటిదానికి నిద్ర చెడగొట్టనక్కర్లేదు. రెండోదానికి 90 దాకా ఆగకుండా ముందే లేపాలి. ముందే కనిపించే ప్రమాదాలకు పగలే నిఘా పెట్టండి. ఆర్డర్ నంబర్ల వంటివి ఉండే మామూలు ఇంటిజర్ (పూర్ణసంఖ్య) కాలమ్ 2,147,483,647 దగ్గర ఆగిపోతుంది. 70 శాతం దాటినప్పుడే టికెట్ పడితే కాలమ్ మార్చడానికి నెలలు దొరుకుతాయి. లేదంటే ఏదో ఒకరోజు కొత్త ఆర్డర్లేవీ నమోదు కావు.

4. నెలకోసారి రిస్టోర్ డ్రిల్, పగటిపూట. ఇది అన్నిటికంటే ముఖ్యమని మా అభిప్రాయం, అందుకే అంచెలుగా రాస్తున్నాం. డేటాబేస్‌ను చీటీ వేసి ఎంచుకోండి. వేరే సర్వర్‌లో, బ్యాకప్ తీసిన మనిషి కాకుండా మరొకరు రన్‌బుక్ (ఏది ఎలా చేయాలో అంచెలుగా రాసిన సూచనలు) చూసి రిస్టోర్ చేయాలి. రన్‌బుక్‌లో లేని ఏ సంగతైనా అడగాల్సి వచ్చిందంటే అక్కడికక్కడే అందులో చేర్చాలి. ఫుల్ బ్యాకప్‌తో ఆపకుండా లాగ్ బ్యాకప్‌లు కూడా వరసగా వేసి, కోరిన నిమిషానికి తేగలమో లేదో చూడాలి. ఆపైన కన్సిస్టెన్సీ చెక్ (డేటా పాడవలేదని చూసే పరీక్ష) నడపాలి, ముఖ్యమైన టేబుళ్లలో చివరి నమోదు ఏ వేళదో చూడాలి, లాగిన్‌లు పనిచేస్తున్నాయో లేదో అప్లికేషన్ కలిపి చూడాలి. ఎన్‌క్రిప్షన్ ఉంటే సర్టిఫికెట్, కీ విడిగా భద్రపరిచారో లేదో తప్పక తేల్చుకోవాలి. అవి లేని బ్యాకప్ ఎంత చక్కగా ఉన్నా తెరుచుకోదు. పట్టిన సమయాన్ని రాసి, మీరు వినియోగదారులకు ఇచ్చిన మాట పక్కన పెట్టండి. రెండు గంటల్లో తెస్తామని ఒప్పందంలో ఉండి డ్రిల్‌కు ఏడు గంటలు పట్టిందంటే, ఆ తేడాను రాత్రి లేచే మనిషి తన పరుగుతో పూడ్చలేడు.

5. ప్రొడక్షన్‌కు కంచెలు. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) రంగు ప్రొడక్షన్‌కు వేరుగా ఉండాలి, ప్రాంప్ట్‌లో (ఆదేశం మొదలయ్యే చోట) సర్వర్ పేరు, అది ప్రైమరీనా సెకండరీనా అన్నది కనిపించాలి. మామూలు లాగిన్ చదవడానికే. డైరెక్టరీని చెరపడం కాకుండా పేరు మార్చి పక్కన పెట్టడం నియమం కావాలి. డేటా మార్పు ట్రాన్సాక్షన్‌లోనే మొదలై, మారిన వరుసల సంఖ్య చూశాకే కమిట్ కావాలి. రాత్రి పదకొండు తర్వాత వెనక్కి తేలేని ఏ ఆదేశమైనా ఇద్దరు చూసి నడపాలి.

6. ప్రసంగాన్ని పనిగా లెక్కించడం. కంపెనీ పేరుతో ఇచ్చే ప్రతి కొత్త ప్రసంగానికి 40 పనిగంటలు, ఏడాదికి రెండింటి వరకు. ప్రయాణ దినాలు డ్యూటీయే. స్లైడ్లపై లీగల్ నిర్ణయం పది పనిదినాల్లో రావాలి, రాకపోతే అనుమతించినట్టే లెక్క. మాట్లాడటం ఇష్టంలేని ఉద్యోగి రేటింగ్ అందువల్ల తగ్గకూడదు. నిశ్శబ్దంగా సర్వర్లు కాచేవారి విలువ తక్కువేమీ కాదు.

7. వేదిక ఎక్కేవారి చేతిలో ఆన్‌కాల్ ఫోన్ ఉండకూడదు. ప్రసంగానికి 24 గంటల ముందునుంచి, తిరిగి వచ్చిన 24 గంటల వరకు. కాలమండలాలు దాటి వచ్చినవారికి ఇంకా ఎక్కువ. శరీరం సర్దుకోవడానికి సుమారు గంట తేడాకు ఒక రోజు పడుతుంది, తూర్పు వైపు ప్రయాణమైతే మరీ కష్టం.

8. సదస్సుల నిర్వాహకులకు. ప్రయాణ, బస ఖర్చులు ముందే చెల్లించండి. బిల్లులు పెట్టి నెలల తరబడి ఎదురుచూసే స్తోమత అందరికీ ఉండదు, ఆ కారణంగానే కొత్త గొంతులు మీ వేదికకు రావడం లేదు. ఒక వక్తకు రోజుకు ఒక్క ప్రసంగమే ఇవ్వండి. సమయ పట్టిక ఎనిమిది వారాల ముందు ఇస్తే వాళ్లు రోస్టర్ మార్చుకోగలరు. దూరం నుంచి వచ్చినవారికి తొలి ఉదయపు సెషన్ వద్దు. చిన్న గదిలోనైనా మైక్ ఉండాలి. గొంతు చించుకుని రెండు సెషన్లు చెబితే మూడోరోజు మాట రాదు, చివరి వరుసకూ వినికిడి తక్కువైనవారికీ ఎటూ వినపడదు. వక్తలకు తలుపు వేసుకుని కూర్చునే ఒక గది కేటాయించండి. అభిప్రాయ పత్రాల్లో రూపం గురించి, యాస గురించి వచ్చే వ్యాఖ్యలను వడకట్టి మిగతావి పంపండి. తొలిసారి మాట్లాడేవారికి ఇరవై నిమిషాల సెషన్లు పెట్టండి.

9. తప్పు జరిగితే మనిషిని వేటాడకండి. ఆర్‌సీఏ నమూనాలో రెండు వరుసలు చేర్చండి: ఆ సమయానికి ఆ వ్యక్తి ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నారు, గత ఏడు రోజుల్లో ఎన్ని రాత్రులు లేచారు. ఆరు నెలలు నింపితే మీకే అర్థమవుతుంది.

మా వంతు

అన్నీ మీ మీదే వేయడం లేదు. లేచిన మొదటి పావుగంటలో చూడటమే తప్ప ఏదీ మార్చకూడదని మా బృందాల్లో నియమం పెట్టుకుంటున్నాం. ఆ పావుగంట దీపం వేసి, ముఖం కడుక్కుని, రన్‌బుక్ తెరిచి, చేయబోయేది చాట్‌లో రాసుకోవడానికి. మధ్యాహ్నం దాటాక కాఫీ తగ్గిస్తున్నాం, ఎందుకంటే నాలుగింటికి తాగిన కాఫీలోని కెఫీన్ తొమ్మిదింటికి దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోకి ఇరవై సెకన్లు చూడటం, ప్రసంగం ముందురోజు స్లైడ్లు ముట్టుకోకుండా నిద్రపోవడం, ఏడాదికి ఇన్ని ప్రసంగాలే అని ముందే గీత గీసుకోవడం, మిగతావాటికి మర్యాదగా కాదనడం కూడా నేర్చుకుంటున్నాం. పెద్దలకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. రోస్టర్‌లో ఇద్దరే ఉన్నంతకాలం మేం ఎంత నియమంగా ఉన్నా ఆ ఏడు గంటలు దొరకవు.

ఈ తొమ్మిదింటిలో 2, 3, 7, 9 అంశాలకు కొత్త బడ్జెట్ దాదాపు అక్కర్లేదు. వచ్చే నెల రోస్టర్‌తోనే మొదలుపెట్టవచ్చు. 4, 5 అంశాలకు ఒక త్రైమాసికం చాలు. 1, 6 అంశాలకు నియామకాలు, ఆమోదాలు అవసరం కాబట్టి వచ్చే బడ్జెట్ వరకు ఆగుతాం, కానీ తేదీతో కూడిన రాతపూర్వక హామీ కావాలి. సదస్సుల నిర్వాహకులు 8వ అంశంపై తమ తదుపరి ప్రపోజల్ పిలుపులోనే ప్రకటన చేయాలని కోరుతున్నాం. ఏ అంశాన్ని ఒప్పుకోలేకపోయినా కారణం రాసి పంపండి, మాట్లాడుకుందాం. ఈ లేఖ మీద మీ జవాబు కోసం 30 రోజులు చూస్తాం. ఆ తర్వాత వారానికి 55 గంటలు దాటిన ప్రతి రోస్టర్‌ను, పేర్లు తీసేసి, మీ ఆడిట్ కమిటీల ముందు పెడతాం.

ఇట్లు,
మీ సర్వర్లను రాత్రీ పగలూ చూసుకునే డేటాబేస్ ఉద్యోగులు